‘బాగానే ఉందండీ’ అనే ఊళ్లలో తలనొప్పి వెతుకుతూ

ఈ ప్రయాణం గురించి నేను రాయకపోతే అది ఒక్క వాక్యంగా మిగిలిపోతుంది. మా చెల్లెలి కూతురు శ్రావణి డాక్టరు చదివి, ఆ పై చదువు కోసం ఒక పరిశోధన చేస్తోంది. అది అచ్చయిన రోజున ‘కొందరిని వారి ఇళ్లకు వెళ్లి కలవడమైనది’ అని అందులో ఎక్కడో ఉంటుంది. అంతే. ఆ ఇళ్లలో ఎవరున్నారో, ఏం వండిపెట్టారో, ఏం దాచుకుని ఏం చెప్పారో అలాంటి వ్యాసాల్లో రాయరట. అందుకని ఇక్కడ రాస్తున్నాను. నేను కలిసిన ముగ్గురూ రాసుకోమన్నారు. ఒకాయనైతే తన పేరు తప్పుల్లేకుండా రాయమన్నారు.

నా పేరు నరసమ్మ. కదిరిలో శాఖా గ్రంథాలయానికి ఎదురుగా నా కుట్టు మిషను. పదో తరగతి తర్వాత బడికి పోలేదు గానీ గ్రంథాలయం తెరిచి ఉండగా అటు పోని రోజు లేదు. జాకెట్లకు కాజాలు కుడుతూ భూగోళం చదివాను, చంద్రగ్రహణాలు చదివాను, తేనెటీగల గురించి చదివాను. శ్రావణి చిన్నతనమంతా నా దగ్గరే గడిచింది. తను పంపే ఇంగ్లీషు వైద్యవ్యాసాలు ప్రింటు తీయించుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుతాను. ఒక పేజీకి ఒక వారం పట్టిన రోజులున్నాయి. కానీ చదివింది చదివినట్టు ఉండిపోతుంది.

సంగతి ఇది. తలకు దెబ్బ తగిలినప్పుడు ఒక్కోసారి పుర్రె చిట్లదు, రక్తం కారదు, స్కానింగులో ఏమీ కనపడదు. కానీ లోపల మెదడు అదిరిపోతుంది. దాన్ని కంకషన్ అంటారు. తలనొప్పి, కళ్లు తిరగడం, వెలుగు పడకపోవడం, చేతిలో పని మర్చిపోవడం, ఇవి దాని గుర్తులు. ఎక్కువమందికి కొన్నాళ్లలో తగ్గిపోతాయి, కొందరిని అంత తొందరగా వదలవు. ఇక బీటా బ్లాకర్లంటే రక్తపోటుకూ, గుండె దడకూ, చేతుల వణుకుకూ ఇచ్చే మాత్రలు. భయపడినా, పరుగెత్తినా మన ఒంట్లో ఒక రసం ఊరి గుండెను తరుముతుంది. ఈ మాత్ర గుండె గుమ్మంలో నిలబడి ఆ తరుముడును లోపలికి రానివ్వదు. పెద్ద తల గాయాల్లో ఈ మాత్రలు మేలు చేస్తాయేమోనని పరిశోధకులు పాత కేసులు తిరగేసి చూశారు. ఆశ పుట్టించే సంగతులు కొన్ని కనపడ్డాయి. కంకషన్ విషయం మాత్రం ఇంకా తేలలేదు. శ్రావణి ప్రశ్న చిన్నది. దెబ్బ తగిలేనాటికే ఈ మాత్రలు వాడుతున్నవాళ్లు ఎలా కోలుకుంటున్నారు, వాడనివాళ్లు ఎలా కోలుకుంటున్నారు?

బందరు

బస్సు మీద మచిలీపట్నం అని రాసి ఉంటుంది. బస్సులో ఉన్నవాళ్లంతా బందరు అంటారు. దిగగానే గాలి ఒంటికి అతుక్కుంది. మా కదిరిలో చెమట పుట్టగానే ఆరిపోతుంది. ఇక్కడ ఆరదు, మనతోపాటు ఊరంతా తిరుగుతుంది.

శ్రావణి అద్దె గదిలో మంచం మీద ఉంది, కాలికి కట్టు.

“పెద్దమ్మా, నవ్వకు. తల దెబ్బల మీద పరిశోధన చేస్తూ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను.”

“తల బాగానే ఉంది కదా?”

“ప్రస్తుతానికి అదొక్కటే బాగుంది.”

తన కష్టం కాలు కాదు. ఫోన్లో అడిగితే అందరూ అన్నిటికీ సున్నా చెబుతున్నారు. ప్రతి బాధకూ సున్నా నుంచి ఆరు దాకా ఎంతో చెప్పాలి. సున్నా అంటే అసలు లేదని, ఆరంటే భరించలేమని. “తలనొప్పికి సున్నా, నీరసానికి సున్నా, మతిమరుపుకి సున్నా. లోకంలో ఎక్కడా మనుషులు ఇంత శుభ్రంగా కోలుకోలేదు పెద్దమ్మా. మాత్ర వేసుకున్నవాళ్లూ సున్నాయే, వేసుకోనివాళ్లూ సున్నాయే. నేనేం తేల్చను?” అలా సున్నాలు చెప్పి ఆస్పత్రికి రావడం మానేసిన ముగ్గురి ఇళ్లకు ఇప్పుడు ఎవరైనా వెళ్లాలి. తన పరిశోధనకు పెద్దదిక్కు అయిన డాక్టర్ వసుంధర గారు ఒప్పుకుని, కాగితాల్లో నా పేరు చేర్చారు. బీపీ మిషను వాడటం, కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి కొలవడం, మణికట్టు దగ్గర నాడి చూడటం నేర్పారు.

“మీరు ఎవరికీ వైద్యం చెప్పకూడదు. ఒక్కటి మాత్రం చెప్పొచ్చు, చెప్పాలి కూడా. ఈ మాత్రలు ఎవరూ వాళ్లంతట వాళ్లు ఉన్నట్టుండి మానకూడదు. అణిచిపెట్టిన గుండె ఒక్కసారిగా ఎదురు తిరుగుతుంది,” అన్నారు వసుంధర గారు.

చదివానని చెప్పాను. ఎక్కడ చదివారని అడుగుతారని ఆశపడ్డాను. అడగలేదు.

చిలకలపూడి వీధి చివర

మొదటి ఇల్లు రాఘవమ్మ గారిది. బందరులోనే, చిలకలపూడిలో. రోల్డ్ గోల్డ్ గాజులకు రాళ్లు అతికే పని చేస్తారు. అటక మీది ఇత్తడి బిందె జారి నెత్తిన పడింది. బీటా బ్లాకర్ మాత్రలు వాడనివాళ్లలో ఆవిడ ఒకరు.

“తలనొప్పి ఏమైనా ఉందాండీ?”

“అబ్బే, బాగానే ఉందండీ. మీరు ముందు కాళ్లు కడుక్కోండి.”

“కళ్లు తిరుగుతున్నాయా?”

“శుభ్రంగా ఉన్నాను. పప్పులోకి ఆవకాయ వెయ్యనా, గోంగూర వెయ్యనా?”

“ఏదైనా గుర్తుపెట్టుకోవడం కష్టమవుతోందా?”

“గుర్తులేకేం? మీకింకా పెరుగు వెయ్యలేదు, నాకు గుర్తుంది.”

మా వైపు రాగి సంగటి ముద్ద ఒకటి తిని లేచిపోతాం. ఇక్కడ పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం, ఇలా అన్నం నాలుగుసార్లు మొదలవుతుంది. చారు దగ్గర నేను చెయ్యి కడుక్కోబోతే రాఘవమ్మ గారు నిజంగా భయపడ్డారు, నాకేదో అయిందని. అన్నీ సున్నాలు రాసుకుని లేచాను.

ఆవిడ చెప్పులేసుకుని నాతో బయల్దేరారు. వద్దంటే వినలేదు. వీధి చివర, ఆటో ఆగే చోట, నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించారు.

“ఇదిగో నరసమ్మ గారూ, పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతున్నానండీ. గిన్నెలు మాడిపోతున్నాయి. కోడలికి తెలియకుండా తోమేస్తున్నాను. రాయి అతకబోతే ఆ మెరుపు కళ్లలో గుచ్చుకుంటోంది. సరేలెండి, ఆటో వచ్చింది, ఎక్కండి.”

ఎక్కాను. ఆటో కదిలాక గానీ నాకు తెలివి రాలేదు. ఆమె ఇప్పుడు చెప్పింది పరిశోధనకా, నాకా?

పామర్రు, తప్పిన బస్సు

మర్నాడు గుడివాడ వైపు. పామర్రు కూడలిలో దిగి, పది రూపాయల టీ పట్టుకుని శ్రావణికి ఫోన్ చేశాను. మా ఊళ్లో అదే పది రూపాయలకు గ్లాసు నిండుగా ఇస్తారు. ఇక్కడ సగమే, కానీ చిక్కగా ఉంటుంది.

“అడిగినప్పుడు సున్నా, అడగనప్పుడు అయిదా?” అంది శ్రావణి అంతా విని. “ఎక్కడ చెప్పారన్నావు?”

“వీధి చివర. నన్ను పంపేటప్పుడు.”

ఆ మాటల ధ్యాసలో వచ్చిన బస్సు ఎక్కేశాను. టికెట్ అడిగితే గుడివాడ అన్నాను. కండక్టరు నన్ను చూసి, బస్సును చూసుకుని, “అమ్మా, గుడివాడ మీ వీపు వెనకాల ఉందండీ,” అన్నాడు. దిగేసరికి కూచిపూడి. ఒక మేడ మీంచి కర్రతో తాళం కొడుతున్న చప్పుడు, దానికి సరిగ్గా పడుతున్న కాళ్ల చప్పుడు. మళ్లీ పామర్రు బస్సు వచ్చేదాకా ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. తప్పు బస్సు ఎక్కినందుకు పెద్దగా బాధపడలేదు.

చేపల చెరువుల మధ్య

గుడివాడ దాటి నందివాడ వైపు వెళ్తే ఏవి పొలాలో ఏవి చెరువులో తెలియదు. వరి ఉన్నచోట వరి, లేనిచోట చేపల చెరువులు, మధ్యలో సన్నటి గట్లు. సుబ్బారావు గారు ఆ గట్టు మీదే మేత బస్తాతో జారి తల కొట్టుకున్నారు. చేతుల వణుకుకు ఏళ్లుగా ప్రొప్రనొలాల్ వాడుతున్నారు. అంటే మాత్ర ఉన్నవాళ్ల లెక్కలోకి వస్తారు. చుట్టుపక్కల వాళ్లందరూ ఆయన్ని మావయ్యగారు అంటారు, చుట్టరికం ఉన్నా లేకపోయినా. రెండు నిమిషాల్లో నేనూ అనేశాను.

“మావయ్యగారూ, తలనొప్పి ఉందా?”

“నాకెందుకుంటుందమ్మా? తలనొప్పి చేప ధర పడిపోతే వస్తుంది. ఇప్పుడు ధర బాగుంది.”

అన్నీ సున్నాలే. భార్య అనసూయమ్మ గారు కొరమేను పులుసు వడ్డించారు. చెరువు చేపేనా అని అడిగితే దంపతులిద్దరూ ఒకేసారి నవ్వారు. “అది అమ్మేదండీ. తినేది కాలవ చేప.”

ఈసారి నేను తెలివిగా ఉన్నాను. భోజనం అయ్యాక లేచి సంచి భుజాన వేసుకుని, “వెళ్లొస్తానండీ,” అని గుమ్మం దాటి, గట్టు మీద నిలబడి మళ్లీ అడిగాను. “ఇప్పుడు చెప్పండి మావయ్యగారూ.”

ఆయన చెరువు కేసి తిరిగారు. “నిద్ర పట్టట్లేదమ్మా. పట్టినా మధ్యలో మెలకువ వస్తోంది. లెక్క చెబుతుంటే మధ్యలో పోతోంది. పనివాళ్లు మొహమొహాలు చూసుకుంటున్నారు. తలనొప్పి మధ్యాహ్నం దాకా ఫర్వాలేదు.”

“ఇందాక అడిగితే లేదన్నారు?”

అనసూయమ్మ గారు నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశారు. “గుమ్మంలోకి వచ్చిన మనిషికి అన్నం పెట్టకముందే రోగాలు చెప్పుకుంటామా అండీ? అదేం మర్యాద? తిన్నది మీకు వంటబట్టద్దూ? మీ వైపు ఎలా చేస్తారు?”

మా వైపు ఎలా చేస్తారో చెప్పాను. కదిరిలో ఎవరైనా వచ్చి “బాగుండారా?” అని అడిగితే, “ఏం బాగులేమ్మా” అని మోకాళ్లతో మొదలుపెట్టి నడుము మీదుగా తల దాకా చెప్పి, అప్పుడు మంచినీళ్లిస్తాం. అనసూయమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. “అయ్యో, పాపం వచ్చినవాళ్లు,” అన్నారు.

ఆ సాయంత్రం గుడివాడ నుంచి ఫోన్లో ఇదంతా చెప్పాను. శ్రావణి వసుంధర గారిని అడిగి తిరిగి చేసింది. “ముగ్గురినీ ఒకే తీరున అడగాలట పెద్దమ్మా. భోజనానికి ముందు ఒకసారి, సాగనంపేటప్పుడు ఒకసారి. రెండూ వేరువేరుగా రాయాలట. ఒకరిని వంటింట్లో అడిగి ఇంకొకరిని వీధిలో అడిగితే పోల్చడానికి లేదన్నారు. ఇంకా ఏమన్నారో తెలుసా? ఇది మేం ముందే కనుక్కోవాల్సింది అన్నారు.”

ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. లాడ్జి దుప్పటి చిన్నదైనా సరే.

దివిసీమలోకి

మళ్లీ పామర్రు, మళ్లీ కూచిపూడి, ఈసారి కావాలనే. చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక. దక్షిణానికి వెళ్లేకొద్దీ మాట మెత్తబడలేదు గానీ నేల మెత్తబడింది. కాలవలు పాయలయ్యాయి. గాలిలో ఉప్పు తగిలింది. నాగాయలంకలో కొబ్బరిబోండం నలభై రూపాయలు. మా దగ్గర చెట్లే లేవు, అయినా అదే ధర. చెట్టు కిందే ఆ ధర ఏమిటని అడిగితే, “ఎక్కేవాడు ఉండాలి కదండీ,” అన్నాడు అమ్మేవాడు.

మూడో మనిషి దానియేలు గారు. పాయకు అవతల ఒక లంకలో ఉంటారు. ఆ లంకకు పంటు మీద వెళ్లాలి. రెండు పడవల మీద చెక్కలు పరిచి బిగిస్తే అది పంటు. దాని మీద మనుషులు, మోటారు సైకిళ్లు, గ్యాసు బండలు, బడిపిల్లలు, మేకలు, అందరూ నిలబడే. దాన్ని నడిపే మనిషిని సరంగు అంటారు. దానియేలు గారు ఆ సరంగు. మోటారు సైకిలు ఒకటి పలక మీంచి జారుతుంటే పట్టుకోబోయి ఇనప స్తంభానికి తల కొట్టుకున్నారు. అప్పట్నుంచి వేరే ఊరి సరంగు బదులు నడుపుతున్నాడు. నేను వెళ్లిన రోజు ఆ బదులు మనిషికి చివరి రోజు. మర్నాడు పొద్దున బడిపిల్లల పంటుతో దానియేలు గారు మళ్లీ చుక్కాని పట్టుకోవాలి.

ఇది నాకు పంటు మీదే తెలిసింది. పక్కన నిలబడ్డ ఒకావిడ సంతోషంగా చెప్పింది. “రేపట్నుంచి మా బాబాయే వస్తున్నాడండీ. ఈయన ఒడ్డుకి గుద్దేస్తాడు.”

లంకలో భోజనం

దానియేలు గారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. అరవైకి దగ్గర పడిన మనిషి, తీరుగా దువ్విన తల. రక్తపోటుకు మెటొప్రొలాల్ వేసుకుంటారు, అదీ బీటా బ్లాకరే.

“బాగానే ఉందండీ. అసలేం లేదు. మా ఊరి డాక్టరు చూశాడుగా.”

ఊరి డాక్టరంటే సూదులు వేసే ఆయన. తల అదిరినవాళ్లు తేరుకున్నారా లేదా చూడాలంటే నడిపించి నాడి చూస్తారని ఆయన ఎక్కడో విన్నాడట. దానియేలు గారిని రేవు దాకా నాలుగుసార్లు గబగబా నడిపించి చెయ్యి పట్టుకుని చూశాడు. నాడి తొణకలేదు. పని చేసుకోవచ్చన్నాడు.

“చూడండి మీరు కూడా,” అని దానియేలు గారు గర్వంగా చెయ్యి చాపారు. చూశాను. నిజంగానే నిమ్మళంగా కొట్టుకుంటోంది, మరీ నిమ్మళంగా. నాకు అప్పుడే చదివిన పేజీ గుర్తొచ్చింది. ఆ మాత్ర వేసుకున్నవాళ్ల నాడి పరుగెత్తినా అంతగా పెరగదు. మనిషి ఎంత అలిసిపోయినా నాడి మాత్రం ఏమీ ఎరగనట్టు ఉంటుంది. అంచేత నాడిని చూసి తేరుకున్నారని చెప్పలేం. నిలబెట్టి బీపీ చూస్తే బాగా పడిపోయింది. ఆయన ఒక చెయ్యి తలుపు మీద వేశారు, ఊరికే వేసినట్టు.

అడిగినవాటికి అన్నీ సున్నాలు. రాసుకున్నాను. భోజనం అయ్యేదాకా ఆగాలి కదా అనుకున్నాను.

ఆయన భార్య మార్తమ్మ గారు పీతల కూర వండారు. చింతచిగురు వేసిన ఎండు రొయ్యలు పక్కన. ముగ్గురం కూర్చున్నాక ఆవిడ తల మీద కొంగు వేసుకుని కళ్లు మూసుకున్నారు. నేనూ చేతులు కట్టుకున్నాను.

“ప్రేమగల తండ్రీ, ఎక్కడో దూరాన్నుంచి నీ కుమార్తెను మా ఇంటికి క్షేమంగా తీసుకొచ్చావు, నీకు వందనాలు. మేం అడక్కముందే మా అక్కరలు నీకు తెలుసు. నా పెనిమిటి తల పట్టుకుని కూర్చునే సంగతి నీకు తెలుసు. నీళ్ల మీద వెలుగు చూడలేక మొహం తిప్పుకునే సంగతి నీకు తెలుసు. మెట్టు దిగుతూ గోడ పట్టుకోవడం నువ్వు చూస్తున్నావు తండ్రీ. రేపు ఆ చుక్కాని ఆయన చేతికొస్తుంది. ఆ పంటు మీద పిల్లలంతా నీ పిల్లలు. మా నోళ్లు పెగలట్లేదు, నువ్వే మాట్లాడు. ఈ ఆహారాన్ని దీవించు, యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్.”

దానియేలు గారు వెంటనే ఆమెన్ అనలేదు. కొంచెం ఆగి అన్నారు.

కళ్లు తెరిచాక ఎవరం ఎవరి మొహం చూడలేదు. మార్తమ్మ గారు మామూలుగా, “కూర వేసుకోండమ్మా, కారం ఎక్కువైందేమో,” అన్నారు. నాకు పీత తినడం రాదు. ముందుకాలి డెక్కను పళ్లతో కొరకబోతే అది పగిలి పులుసు నా కళ్లజోడు మీద పడింది. ముగ్గురం నవ్వాం, కావలసినదానికంటే ఎక్కువగానే నవ్వాం. దానియేలు గారు నా కంచంలోది తీసుకుని, డెక్కలు చితక్కొట్టి, కండ తీసి అన్నం పక్కన పెట్టారు. నడి పాయలో పంటు నడిపే చేతులు. సన్నటి ముల్లంత పెంకు కూడా మిగల్చలేదు.

నేను మాత్రం లోపల తర్కించుకుంటూనే ఉన్నాను. మార్తమ్మ గారు ఆ మాటలు నాకు చెప్పలేదు, దేవుడికి చెప్పారు. ఇంకొకరి కోసం అన్న మాటను నా కాగితంలో ఎలా రాసుకోను? రాయకపోతే రేపు పొద్దున ఆ బడి పంటు?

రేవు

సాయంత్రం కాకముందే లేచాను. దానియేలు గారు, మార్తమ్మ గారు ఇద్దరూ సాగనంపడానికి వచ్చారు. రేవు దగ్గర పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది.

“దానియేలు గారూ, ఇందాక అడిగినవే మళ్లీ అడగాలి. అందరినీ రెండుసార్లు అడగమన్నారు.”

“ఎందుకండీ, మార్తమ్మ చెప్పేసిందిగా,” అన్నారు ఆయన, నవ్వుతూనే.

“ఆవిడ నాకు చెప్పలేదండీ. నేను పక్కన ఉన్నానంతే. అది రాసే హక్కు నాకు లేదు.”

“రాయకపోతే?”

“మీరు చెప్పిన సున్నాలు ఉంటాయి. మా పిల్ల వాటినే నమ్ముతుంది. మీరు రేపు చుక్కాని పట్టుకుంటారు.”

నేను నాడి సంగతి చెప్పాను, చదివింది చదివినట్టు. ఆ నిమ్మళం మీది కాకపోవచ్చు, మాత్రది కావచ్చు అన్నాను. ఈ తల తిరుగుడు దెబ్బ వల్లో, మాత్ర వల్లో, రెండూ కలిసో చూసి చెప్పాల్సింది డాక్టర్లే అన్నాను.

“అయితే ఇవాళ్టి నుంచి మాత్ర మానేస్తాను. తేలిపోతుంది.”

“వద్దండీ!” అని అరిచినంత పని చేశాను. మేకలు తోలుకొస్తున్న మనిషి ఆగి చూశాడు. “ఏం చేసినా అది చెయ్యకండి. ఒక్కసారిగా మానితే గుండెకు ప్రమాదం. తగ్గించాలంటే వాళ్లే కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.”

పంటు అటునుంచి బయల్దేరింది. పొద్దు వాలుతోంది. నీళ్ల నిండా వెలుగు, నాకే కళ్లు చికిలించాల్సి వచ్చింది. దానియేలు గారు పంటు కట్టే గుంజను పట్టుకున్నారు. ఈసారి ఊరికే పట్టుకున్నట్టు పట్టుకోలేదు. రెండు చేతులతో పట్టుకున్నారు. మార్తమ్మ గారు కదిలి, మళ్లీ ఆగిపోయారు.

“ఒక పంటు వస్తోంది కదండీ,” అన్నారు ఆయన మెల్లగా. “నాకు రెండు కనపడుతున్నాయి. దగ్గరికొచ్చాక ఒకటవుతుంది. అప్పటిదాకా ఏదో ఒకదాన్ని చూసి నవ్వుతూ నిలబడుతున్నాను. చుక్కాని పట్టుకుంటే ఒడ్లు కూడా అంతే కదా.” నా చేతిలోని కాగితం చూపించి అన్నారు, “రాయండి. ఇప్పుడు నేను చెబుతున్నాను. తలనొప్పి అయిదు. కళ్లు తిరగడం అయిదు. వెలుగు ఆరు. ఆరు పైన లేదా?”

“లేదండీ.”

“అయితే ఆరే.”

మార్తమ్మ గారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. నేను రాసుకున్నాను. ఇక ఆయన్ని ఆస్పత్రికి రమ్మని ఎలా అడగాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. రోగం ఒప్పుకున్న మనిషిని ఊరందరి ముందూ రోగిలా నడిపించుకుపోవడం ఎలా?

ఆయనే దారి చూపించారు. “మార్తమ్మా, నా తెల్ల చొక్కా, మాత్రల డబ్బా తీసుకురా. ఈవిడకి మన దారులు తెలియవు. బందరు దాకా సాగనంపి వస్తాను. రేపటికి కూడా నువ్వే పట్టు అని అతనితో చెబుతాలే.”

పంటు ఎక్కాం. దానియేలు గారి కాళ్లు అలవాటుగా వెనక్కి, చుక్కాని వైపు వెళ్లబోయాయి. ఆగి, జనం మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. నిలబడ్డాక ఏది పట్టుకోవాలో తెలియలేదు ఆయనకు. ఇన్నేళ్లలో ప్రయాణికులు ఏది పట్టుకుంటారో ఎప్పుడూ చూసినట్టు లేదు. నా సంచి పట్టీ ఒక కొస ఇచ్చాను. పట్టుకున్నారు.

“ఏం బాబాయ్, టికెట్ తీశావా?” అన్నాడు మోటారు సైకిలు మీద కూర్చున్న ఒకతను.

“తీస్తాలేరా.”

“చుట్టాల్ని రేవు దాకా సాగనంపుతారు గానీ, బందరు దాకానా?”

“కదిరి నుంచి వచ్చారు. నిన్న గుడివాడ అని చెప్పి కూచిపూడిలో దిగారట. ఒంటరిగా ఎలా పంపను?”

అందరూ నన్ను చూసి నవ్వారు. అంత సంతోషంగా నేనెప్పుడూ నవ్వులపాలు కాలేదు.

బందరు, మళ్లీ

వసుంధర గారు చాలాసేపు చూశారు. మళ్లీ స్కానింగు తీయించారు, ప్రమాదమేమీ కనపడలేదు. మాత్ర మోతాదు మెట్లు మెట్లుగా తగ్గిస్తూ వేరే మందుకు మార్చారు. కళ్లు కుదురుకునేదాకా చుక్కాని వద్దన్నారు. తల తిరుగుడులో దెబ్బ వంతు ఎంత, మాత్ర వంతు ఎంత అని నేను అడిగాను. “అది తెలిస్తే ఈ పరిశోధనే అక్కర్లేదండీ,” అన్నారు. అని, ఈసారి అడిగారు, మీరు ఇవన్నీ ఎక్కడ చదివారని. కదిరి శాఖా గ్రంథాలయం అని పూర్తి పేరు చెప్పాను.

ముగ్గురి ఇళ్లు చూసి పెద్ద నిజాలేవీ తేలవని నాకూ తెలుసు. సున్నాలు చెప్పినవాళ్లందరినీ ఇప్పుడు ఇళ్లకు వెళ్లి, వీధి చివరిదాకా నడిచి, మళ్లీ అడుగుతున్నారు. శ్రావణికి కాలు నయమైంది. తనే వెళ్తోంది. బరువు పెరిగానని ఫోన్లో మొరపెట్టుకుంటోంది.

వీరికి నా నమస్కారాలు

నన్ను నమ్మి మిషను చేతికిచ్చిన డాక్టర్ వసుంధర గారికి. కాలు విరగ్గొట్టుకుని నాకు ఈ దారి చూపించిన శ్రావణికి. పెరుగు మర్చిపోని రాఘవమ్మ గారికి. ఇప్పుడు పాల దగ్గర కోడలు నిలబడుతోందట, ఆవిడే కోడలితో చెప్పారట. తమ వైపు మర్యాద ఎందుకు వేరో నాకు వివరించిన అనసూయమ్మ గారికి, చేప ధర పడిపోయినా నాకు ఫోన్ చేసే సుబ్బారావు మావయ్యగారికి. గుడివాడ నా వీపు వెనకాల ఉందని చెప్పిన, పేరు తెలియని కండక్టరుకి. ఇంకొన్నాళ్లు చుక్కాని పట్టడానికి ఒప్పుకున్న ఆ బదులు సరంగుకి. నాకు వినపడేలా ప్రార్థించిన మార్తమ్మ గారికి.

చివరిగా దానియేలు గారికి. ఆయన ఇప్పుడు పంటును ఒడ్డున గుంజకు కట్టే మోకు వేసే పని చూస్తున్నారు, చుక్కాని ఇంకా ముట్టలేదు. ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేస్తారు. మొదటిసారి చేసినప్పుడు “ఎలా ఉన్నారండీ?” అని అడిగి, ఆ పాత జవాబు కోసమే ఎదురుచూశాను.

“ఇవాళ తల కాస్త బరువుగా ఉందండీ,” అన్నారు. “మూడు వేసుకోండి.”

మా కదిరిలో అయితే ఇది మామూలు మాట. లంక నుంచి వచ్చింది కనుక, ఆ ఇంట్లో నేనిక అతిథిని కానని అర్థమైంది.